బోర్డు మీద పదమూడు వేళ్లు

శ్రీపాల్ సారుతో ఇరవై రెండేళ్లుగా కాపురం చేస్తున్న అరుణకు ఆయన మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఈ ఇరవై రెండేళ్లలో ఆయన ఒక్క తప్పు కూడా చేయలేదు.

ఇదీ ఒక ఫిర్యాదేనా అనిపిస్తుంది. అలాంటి మనిషితో ఒక్క వారం ఉండి చూస్తే తెలుస్తుంది. పప్పులో రెండుసార్లు ఉప్పు వేస్తే తప్పు ఆయనది కాదు, ఉప్పు డబ్బాది; దాని మూత వదులు. భూపాలపల్లిలో చుట్టాల పెళ్లికి ఒకరోజు ముందే దిగి, ఇంకా బట్ట కప్పని టెంటు గుంజల మధ్య ఇద్దరూ సూట్‌కేసు మీద కూర్చోవాల్సి వచ్చినప్పుడు, "వీళ్లకు టైమంటే లెక్కనే లేదు" అని పెళ్లివాళ్లను తిట్టాడాయన. ఆ రోజు నుంచి అరుణ ఆయనతో వాదించడం మానేసింది. వాదించడమే మానేసింది; గుర్తుపెట్టుకోవడం మానలేదు.

చిల్పూర్ దగ్గర భూములూ బలగమూ ఉన్న ఇల్లు ఆయనది. తండ్రి రెండుసార్లు సర్పంచి. సర్పంచి గనక తప్పు ఒప్పుకుంటే వచ్చే ఎలక్షన్లలో ఎదుటివాడు దాన్ని మైకులో చెబుతాడు కాబట్టి, ఆ ఇంట్లో పిల్లలెవరికీ ఆ అలవాటు చేయలేదు. అది తప్పిస్తే శ్రీపాల్ సారుకు వంక పెట్టడానికి ఏమీ లేదు. గూడూరు దాటాక అడవి అంచున ఉన్న ఒక ఊరి హైస్కూలుకు ఆయన హెడ్మాస్టరు. వేరే బడి నుంచి బదిలీ అయి వచ్చి రెండేళ్లయింది. బడికి రెండు వీధుల అవతలే అద్దె ఇల్లు. ఎనిమిదిన్నర కల్లా బడిలో ఉంటాడు. ఆయనంటే పిల్లలు భయపడతారు, పంతుళ్లు భయపడతారు, అటెండరు జాల్యా భయపడినట్టు నటిస్తాడు.

ఆ బడికి నిరుడు ప్యానెల్ బోర్డు వచ్చింది. గోడకు బిగించే పెద్ద టీవీ లాంటిది. వేలితో రాస్తే రాసుకుంటుంది, అరచేత్తో తుడిస్తే చెరిగిపోతుంది. వచ్చిన కొత్తలో పంతుళ్లంతా దానికి దూరంగా నిలబడి దండం పెట్టినంత పని చేశారు. తెలుగు సారయితే దాని ముందు నుంచి నడవడానికి కూడా జంకి వెనక తలుపులోంచి క్లాసుకు వచ్చేవాడు. చివరికి సైన్సు చెప్పే శ్రీలత మేడం ఒక ఉపాయం పన్నింది. తొమ్మిదో తరగతిలోంచి ఆరుగురు పిల్లలను ఏరి, నీలం బ్యాడ్జీలు తగిలించి, టెక్ టీం అని పేరు పెట్టి, పెద్దలకు రాని పనంతా వాళ్లకు అప్పగించింది.

ఆ టీంకు లీడరు షారోన్. ఆటో నడిపే డేవిడ్ బిడ్డ. ప్రార్థనకు ముందే వచ్చి పొడి గుడ్డతో బోర్డు తుడవడంతో మొదలయ్యేది ఆమె దినచర్య. సార్ల అటెండెన్సు యాప్ మొరాయిస్తే షారోన్, పాస్‌వర్డు మరిచిపోతే షారోన్, ఆరో తరగతి పిల్లలకు మౌసు పట్టుకోవడం నేర్పాలంటే షారోన్. ఆమె పుణ్యమా అని తెలుగు సారు ముందు తలుపులోంచి రావడమే కాదు, పద్యానికి నాలుగు రంగులు పులిమి మరీ పాఠం చెప్పే స్థితికి వచ్చాడు. జాల్యా ఆ పిల్లను "ఇంజినీరమ్మా" అని పిలిచేవాడు.

ఆమె సేవలు బడితో ఆగలేదు. హెడ్మాస్టరు గారి భార్య ఫోనుకూ అందాయి. అరుణ ఫోనులో అక్షరాలు పెద్దవి చేసింది. చుట్టాలు రోజూ పంపే పువ్వుల శుభోదయాలు మూడువేల పైచిలుకు తీసేసి ఫోనుకు ఊపిరాడేలా చేసింది. పని పూర్తయ్యాక రెండు పల్లిపట్టీలు తీసుకుని, ఒకటి అక్కడే తిని, ఇంకొకటి పుస్తకాల సంచిలో వేసుకుని వెళ్లేది.

బతుకమ్మ సెలవులకు వారం ముందు శ్రీలత మేడం కాన్పు సెలవు మీద పుట్టింటికి వెళ్లింది. సెలవులిచ్చిన రోజు సాయంత్రం టెక్ టీం బోర్డులో ఏదో అప్‌డేటు చేసి, దాని మీద దుప్పటి కప్పి, గది తాళం హెడ్మాస్టరు చేతికిచ్చి వెళ్లిపోయింది.

సెలవుల తర్వాత చూస్తే బోర్డుకు దయ్యం పట్టింది.

దయ్యమన్నది జాల్యా మాట. చూసినవాళ్లకు మాత్రం వేరే మాట తట్టలేదు. ఎవరూ ముట్టకుండానే దాని మీద గీతలు పడుతున్నాయి. పేజీలు వాటంతటవే తిరుగుతున్నాయి. లెక్కల పాఠం తెరిస్తే ఎక్కడి నుంచో కాలిక్యులేటరు లేస్తోంది. దాన్ని మూస్తే భూగోళం పటం వచ్చి గిర్రున తిరుగుతోంది. పదో తరగతి పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. శ్రీపాల్ సారు నవ్వలేదు.

"దీన్ని చివరికి ఎవలు ముట్టిన్రు?"

"టెక్ టీం సార్" అన్నారెవరో.

అక్కడితో విచారణ ముగిసింది. ఆరు బ్యాడ్జీలూ హెడ్మాస్టరు గారి సొరుగులోకి వెళ్లాయి. డేవిడ్‌ను పిలిపించి, "నీ బిడ్డ ఏదో గేము ఎక్కించి సర్కారు బోర్డు ఖరాబు చేసింది" అని పంతుళ్లందరి ముందూ చెప్పాడు సారు. కంపెనీ మెకానిక్కుకు ఫోను చేస్తే, ఇరవై రోజుల దాకా అటువైపు రావడం కుదరదన్నాడు.

ఈ సంగతంతా ఆయన సాయంత్రం టిఫిను తింటూ అరుణకు వివరించాడు, దొంగను పట్టిన పోలీసు లాగా.

"పిల్లను అడిగిన్రా?" అంది అరుణ.

"ఏమడుగుత? నేల చూసుకుంట నిలబడ్డది. ఒక్క మాట మాట్లాడలే. తప్పు చేసినోళ్లే గట్ల నిలబడుతరు."

తప్పు చేసినవాళ్లు ఎలా నిలబడతారో మీకెలా తెలుసు అని అడగబోయి, అరుణ పెనం మీద రొట్టె తిప్పేసింది.

"వచ్చే శనివారం కాంప్లెక్స్ మీటింగు మన బడిలనే" అన్నాడాయన. కాంప్లెక్స్ మీటింగంటే చుట్టుపక్కల బడుల హెడ్మాస్టర్లంతా ఒకచోట కూడి మాట్లాడుకునే సభ. "పన్నెండు మంది వస్తరు. అందరి ముందల తీర్మానం పెడుత. ఇగ ఏ బడిల గూడ పిల్లలు గీ బోర్డులను ముట్టద్దు. టెక్ టీంలు బంద్."

ఆ వారం షారోన్ ఇంటివైపు రాలేదు. నాలుగో రోజు అరుణ ఫోను మాట్లాడటం మొదలుపెట్టింది.

దాని పాటికది మాట్లాడటం. ఏది ముట్టుకుంటే దాని పేరు చెబుతోంది. "కెమెరా. బటన్." "గ్యాలరీ. బటన్." అరుణ చెల్లెలికి ఫోను చేద్దామని చూస్తే, చుట్టాల పేర్లన్నీ గట్టిగా ఒక్కొక్కటే చదివింది. వాటిలో తోటికోడలి నంబరును అరుణ 'ఎత్తవద్దు' అనే పేరుతో దాచుకుంది. అదీ చదివింది. అప్పుడు ఆ తోటికోడలు ఇంట్లో లేకపోవడం అరుణ చేసుకున్న పుణ్యం. వెంటనే జాల్యాతో కబురు పంపించింది: ఇంజినీరమ్మను ఉన్నపళంగా రమ్మను.

షారోన్ వచ్చింది, గడప దగ్గరే నిలబడింది.

"లోపలికి రావా ఏంది?"

"సార్ ఉన్నరా మేడం?"

"మండలాఫీసుకు పోయిండు. రా."

ఫోను చేతికిస్తే, షారోన్ పక్కనున్న రెండు బటన్లూ కలిపి నొక్కి పట్టి మూడు దాకా లెక్కపెట్టింది. ఫోను నోరు మూసుకుంది.

"గంతేనా?" అంది అరుణ. మనుషులకు కూడా ఇలాంటి బటన్లు పెడితే ఎంత బాగుండునో అనుకుంటూ పల్లిపట్టీల డబ్బా తెచ్చింది. షారోన్ చేయి చాపలేదు.

"వద్దు మేడం."

పల్లిపట్టీ వద్దన్నదంటే సంగతి పెద్దదే. అరుణ పీట వాల్చుకుని ఎదురుగా కూర్చుంది.

"బోర్డు నువ్వే ఖరాబు చేసినవా?"

షారోన్ నేల చూసింది.

"నేల మీద ఏం లేదు బిడ్డా, పొద్దున్నే తుడిచిన. నా మొహం చూసి చెప్పు."

"నేను చెయ్యలే మేడం."

"మరి దానికేమైందో ఎరుకేనా?"

"ఎరుకనే. చెప్తే మీరు ఏమనుకోరు గదా?"

"అనుకునేదుంటే అనుకుంట. ముందు చెప్పు."

"బోర్డు అంచుల మీద బొట్లున్నయ్ మేడం."

అరుణ చేతిలో డబ్బా మూత అలాగే ఉండిపోయింది.

దసరా రోజు ట్రాక్టరు నుంచి కుట్టు మిషను దాకా, ఇంట్లో పనికొచ్చే ప్రతి పనిముట్టుకూ పూజ జరగాల్సిందే. శ్రీపాల్ సారు తన మోటారు సైకిలుకు పూజ చేసి, అంతటితో తృప్తి పడక, "బడి సామాను గూడ సామానే గదా" అని జాల్యానూ అరుణనూ వెంటబెట్టుకుని బడికి వెళ్లాడు. గంటకు బొట్టు పెట్టాడు. కంప్యూటర్లకు పెట్టాడు. ప్యానెల్ బోర్డు దగ్గరికి వచ్చేసరికి, ఆయన పెట్టిన మొదటి బొట్టు కారం చిందినట్టు పడింది. "ఇది నీ చేతి పనే" అని పళ్లెం అరుణకిచ్చాడు. అరుణ పసుపు చిక్కగా తడిపి, దాని మీద కుంకుమ అద్ది, ఎడమ అంచుకు ఐదు, కుడి అంచుకు సరిగ్గా వాటికి ఎదురుగా ఐదు, పైన మూడు పెట్టింది. పెళ్లిపీటకు పెట్టినట్టు పెట్టింది. ముచ్చటపడి ఫోటో కూడా తీసుకుంది. ఆ ఫోటోకు చెల్లెలు రెండు చేతులు జోడించిన బొమ్మ పంపింది.

"బొట్టుకూ బోర్డుకూ ఏం సంబంధం?" అని అడిగింది కానీ, అడుగుతుండగానే ఏదో తేడాగా ఉందని ఆమెకు అర్థమవుతోంది.

"అంచులల్ల కనవడని లైటు ఉంటది మేడం. ఈ పక్క నుంచి ఆ పక్కకు, పైనుంచి కిందికి దారాలు కట్టినట్టు పోతది. మనం వేలు పెడితే దారం తెగుతది. ఎక్కడ తెగితే అక్కడ ముట్టిన్రు అని బోర్డు అనుకుంటది. అంచు మీద బొట్టు అడ్డమున్నా తెగినట్టే. పదమూడు బొట్లు అంటే పదమూడు వేళ్లు. ఎవలో పదమూడు వేళ్లు పెట్టి, తియ్యకుండ నిలబడ్డట్టు. పాపం, అదేం చేస్తది?"

అరుణ జనగామ డిగ్రీ కాలేజీలో బీయస్సీ ఫిజిక్సు చదివింది. ఆ చదువు కుక్కర్ విజిళ్లకు తప్ప దేనికీ అక్కరకు రాక పాతికేళ్లుగా అటక మీద పడి ఉంది. ఇప్పుడది దుమ్ము దులుపుకుని దిగివచ్చింది. ముక్క ముక్కా అర్థమైంది. దయ్యం ఎవరో కూడా అర్థమైంది. దయ్యం తనే.

"మరి నువ్వు రోజూ తుడుస్తవు గదా. తుడిచెయ్యకపోయినవా?"

"గుడ్డ తీసుకపోయిన మేడం. చెయ్యి పోలే."

"ఎందుకు?"

షారోన్ కిటికీవైపు తిరిగి చెప్పింది. "మేం చర్చికి పోతం గదా. దసరా నాడు పెట్టిన బొట్టు చర్చికి పోయే పిల్ల తుడిచిందని ఎవలన్న అంటే? బోర్డు ఖరాబు చేసిందంటే నన్నొక్కదాన్నే తిడ్తరు. గిది చేసిందంటే మా బాపును గూడ తిడ్తరు."

పద్నాలుగేళ్ల పిల్ల రెండు తిట్లనూ తూకం వేసి, తేలికైనదాన్ని ఏరుకుని నెత్తిన పెట్టుకుంది. అదీ ఎవరికీ చెప్పకుండా.

"టీంల ఇంకెవల్నన్న తుడవమనకపోయినవా?"

"అఖిల్‌ను అడిగిన. బొట్టు చెరిపితే మా అవ్వ నన్ను ఇంట్లకు రానియ్యది అన్నడు. హర్షిత్‌ను అడిగితే ఇయ్యాల శుక్రారం అన్నడు. తెల్లారి అడిగితే ఇయ్యాల శనివారం అన్నడు."

"ఆదివారం?"

"ఆదివారం బడి లేదు గదా మేడం."

అరుణకు నవ్వు ఆగలేదు. షారోన్ కూడా కొంచెం నవ్వింది, అంతలోనే సర్దుకుంది.

"సార్‌కు చెప్పకపోయినవా బిడ్డా?"

"సార్ అడగలే మేడం."

ఆ జవాబు అరుణకు ఎక్కడో గుచ్చుకుంది.

"ప్రతి శుక్రారం మా ఇంట్ల దేవుళ్లందరి బొట్లు నేనే తడిగుడ్డతోని తుడిచి కొత్తయి పెడుత" అంది. "ఇప్పటిదాక ఒక్క దేవుడు గూడ నా మీద కేసు పెట్టలే. ఆ బొట్లు పెట్టింది నేను. నేను తీస్తే ఎవలేమంటరు?"

"తీసినా బ్యాడ్జీలు రావు మేడం. మీటింగుల తీర్మానం పెడుతున్నరట గదా. బ్యాడ్జీ పోతే పోనీ. ఆరో తరగతి పిల్లలు నన్ను చూసి మౌసు దాచుకుంటున్నరు. నేను ముడితే ఖరాబైతదట. మా బాపేమో, మన ఆటో మనకు చాలదా, గీ కంప్యూటర్లు మనకెందుకు అంటున్నడు. నా పేరు మంచిగయితే చాలు మేడం."

ఆమె వెళ్లాక అరుణ తడిగుడ్డ చేత్తో పట్టుకుని గడప దాకా వెళ్లింది. జాల్యా దగ్గర తాళం ఉంది. పది నిమిషాల పని. గడప దగ్గర ఆగిపోయింది.

తను గుట్టుగా తుడిచేస్తే బోర్డు బాగవుతుంది. బాగవగానే శ్రీపాల్ సారు ఏమంటాడో ఆమెకు మాటతో సహా, గొంతుతో సహా వినిపిస్తోంది: "చూసినవా, పిల్లలను దూరం పెట్టంగనే ఎట్ల మంచిగైందో!" బోర్డు బాగుపడుతుంది, షారోన్ మాత్రం ఎప్పటికీ బాగుపడదు. అరుణ గుడ్డను మళ్లీ తీగ మీద ఆరేసింది.

సాయంత్రం చాయ్ ఇస్తూ ఆయనకు సంగతంతా చెప్పింది. చర్చి మాట తప్ప అంతా చెప్పింది. ఆ మాట ఆ పిల్ల సొంతమని ఆమెకనిపించింది.

శ్రీపాల్ సారు సావధానంగా విన్నాడు. విని నవ్వాడు.

"బొట్టు పెడితే బోర్డు ఖరాబైతదా? మనింట్ల టీవీకి పెట్టలేదా? ఫ్రిజ్‌కు పెట్టలేదా? నా బండికి పెట్టినవు, బండి ఆగిందా?"

"బండికి వేలితోని రాయం గదా."

"నీకేం ఎరుక గివన్నీ?"

"బీయస్సీ ఫిజిక్సు."

"అది ఎప్పటి సంగతో."

"లైటు అప్పటి నుంచి తొవ్వ మార్చుకోలే."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "చూడు అరుణా, పూజ చేస్తే బోర్డు పాడైందని హెడ్మాస్టరే అంటే ఊళ్లె ఏమంటరు? ఆ పిల్ల నీకు కథ చెప్పింది. నువ్వు నమ్మినవు. నువ్వు అమాయకురాలివి."

ఇరవై రెండేళ్లలో ఆయన చాలా పొరబడ్డాడు కానీ, ఇంత పెద్ద పొరపాటు మాత్రం ఇదే మొదటిసారి.

"శనివారం పన్నెండు మందే గదా?" అంది అరుణ. "సర్వపిండి చేసి పట్టుకొస్త. పెద్ద పెద్ద సార్లు వస్తున్రు, హోటలు బజ్జీలు ఏం బాగుంటయ్?"

వాదన గెలిచాననుకుని శ్రీపాల్ సారు సంతోషంగా ఇంకో గ్లాసు చాయ్ అడిగాడు.

శనివారం పదకొండింటికి అరుణ బడికి బయల్దేరింది. తన చేతిలో సర్వపిండి గిన్నె, భుజం మీద చేతిరుమాలు. పక్కన పచ్చడి గిన్నెతో షారోన్. గేటు దగ్గర డేవిడ్ ఆటో ఆగి ఉంది; గూడూరు బస్టాండు నుంచి సార్లను తెచ్చింది అతనే. బిడ్డను చూసి అతను ముఖం చిట్లించాడు.

"నువ్వెందుకు వచ్చినవ్ మల్ల?"

"పచ్చడి మోయనీకి నేనే రమ్మన్న డేవిడ్. నువ్వు గూడ రా, ఒక ముక్క తిని పో."

"వద్దమ్మా, ఈడనే ఉంట."

"సర్వపిండి సల్లారితే పనికిరాదు. రా."

అతను చెప్పులు వరండాలో విడిచి గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

లోపల మీటింగు మంచి ఊపులో ఉంది. శ్రీపాల్ సారు బోర్డు ముందు నిలబడి, దయ్యాన్నే సాక్ష్యంగా చూపిస్తున్నాడు. చేతిలో తీర్మానం కాగితం. వెనక బోర్డు మీద గీతలు పడుతున్నాయి, పటాలు తిరుగుతున్నాయి, కాలిక్యులేటరు ఎవరూ అడగని లెక్కలు చేస్తోంది.

"చూడున్రి సార్లు, పిల్లల చేతికిస్తే ఎట్లయితదో."

"శ్రీపాలన్నా, నీ బోర్డు బతుకమ్మ ఆట ఇంక ఆపనట్టుంది" అన్నాడు ముందు వరుసలోని సోమయ్య సారు. వచ్చే ఏడు రిటైరయ్యే మనిషి. ఎవరికీ జంకాల్సిన పని లేదు. అందరూ నవ్వారు.

అరుణ గిన్నె బల్ల మీద పెట్టి, కొంగు సవరించుకుంది.

"సార్లూ, తినే ముందు ఒక్క మాట. దసరా నాడు ఆ అంచులకు బొట్లు పెట్టింది నేను. నేను పెట్టినయి నేను తీసుకోవచ్చునా?"

"అరుణా, గిప్పుడెందుకు అవన్నీ?" అన్నాడు శ్రీపాల్ సారు.

"పెట్టినామెకు తీసే హక్కు ఉండదా ఏంది?" అన్నాడు సోమయ్య సారు. "తియ్యమ్మా, తియ్యి."

అరుణ బోర్డు దగ్గరికి వెళ్లి, వెనక్కి తిరిగింది. "ఏది ముందు తియ్యాలె షారోన్?"

గదంతా ఆ పిల్లవైపు తిరిగింది. షారోన్ తండ్రిని చూసింది, హెడ్మాస్టరును చూసింది. పచ్చడి గిన్నె కింద పెట్టి, చేతులు గౌనుకు తుడుచుకుంది.

"సార్, తెల్ల పేజీ తెరవచ్చునా?"

శ్రీపాల్ సారు బోర్డు ముందు నుంచి పక్కకు జరిగాడు. షారోన్ కింద ఒక మూల నొక్కితే తెల్ల పేజీ వచ్చింది. దాని మీద చుక్కలు వాటంతటవే పొడుచుకొచ్చాయి. అడ్డంగా మూడు, నిలువునా ఐదు, వరుసలు తప్పకుండా, సంక్రాంతి ముగ్గుకు పెట్టినట్టు.

"ఎడమ పక్క మూడో బొట్టు, కుడి పక్క మూడో బొట్టు తీస్తే, మూడో వరుస చుక్కలు పోతయ్ సార్" అంది షారోన్. "మిగిలినయి అట్లనే ఉంటయ్."

పసుపు ఎండి గారలాగా గట్టిపడింది. అరుణ గోటితో గీరి, చేతిరుమాలుతో తుడిచి, రాలిన కుంకుమ కింద పడకుండా అరచేతిలో పట్టుకుంది. ఎడమది తీసింది. కుడిది తీసింది. షారోన్ పేజీని చెరిపి మళ్లీ తెరిచింది.

నాలుగు వరుసలు వచ్చాయి. మూడోదాని చోటు ఖాళీగా ఉంది.

సోమయ్య సారు లేచి ముందుకొచ్చాడు. "నాలుగోది తీస్తే?"

"నాలుగో వరుస పోతది సార్."

పోయింది. అంతే, పన్నెండు మంది హెడ్మాస్టర్లూ ఎక్కాలు కొత్తగా నేర్చుకున్న పిల్లల్లాగా బోర్డు చుట్టూ మూగారు. "ఇప్పుడు రెండోది తియ్యమ్మా!" "కాదు కాదు, పైన నడిమిది తియ్యి, నిలువు వరుస పోతదేమో చూద్దాం!" "ఆగవయ్యా, పిల్లను చెప్పనియ్యి!" షారోన్ ముందే చెబుతోంది, అరుణ తీస్తోంది, చెప్పింది చెప్పినట్టు జరుగుతోంది. జాల్యా బయట నుంచి కిటికీలోకి తల దూర్చి, "దయ్యం దిగుతాంది" అన్నాడు.

చివరి బొట్టు తీశాక పేజీ తెల్లగా నిలబడింది. షారోన్ వేలితో దాని మీద తన పేరు రాసింది. ఆ పేరు తప్ప వేరే చుక్క పడలేదు.

అరుణ అరచేతిలోని కుంకుమను కాస్త తడిపి, బోర్డుకు జానెడు ఎడంగా, గోడ మీద గుండ్రంగా ఒకే ఒక బొట్టు పెట్టింది. "పూజకేం తక్కువ లేదు సార్లూ. చోటే తప్పింది. గోడకు పెడితే దేవుడేం చిన్నబుచ్చుకోడు."

చప్పట్లు కొట్టారు. ఎవరో సర్వపిండి గిన్నె మూత తీశారు. పెద్ద గొడవ లేకుండా ఇంతటితో తేలిపోయేట్టే ఉంది. శ్రీపాల్ సారు గొంతు సవరించుకున్నాడు.

"ఏదో చిన్న దుమ్ము... గిసుంటివి అయితయ్. కానియ్యున్రి, తినున్రి."

"అయితే తీర్మానం ఏందన్నా?" అన్నాడు సోమయ్య సారు, ముక్క తుంచుతూ. "కాగితం చేతిలనే ఉన్నది గదా. చదువు మరి."

శ్రీపాల్ సారు కాగితం వైపు చూశాడు. విద్యార్థులు ముట్టరాదు అని తన చక్కని దస్తూరీతో తనే రాసింది. తలుపు దగ్గర డేవిడ్ నిలబడి ఉన్నాడు. అతను సారును చూడటం లేదు. బోర్డు మీద ఉన్న బిడ్డ పేరునే చూస్తున్నాడు, చదవడం ఇప్పుడే నేర్చుకున్నవాడిలాగా.

అరుణకు భర్త ముఖం బాగా తెలుసు. ఇప్పుడు ఆయన ఏ సందులోంచి జారుకోవచ్చో నాలుగైదు వెతుకుతున్నాడని కూడా తెలుసు. అప్‌డేటు మీద తోయొచ్చు, కంపెనీ మీద తోయొచ్చు, పసుపు చిక్కగా కలిపినందుకు పెళ్లాం మీద తోయొచ్చు. ఆయనను గట్టెక్కించే చలోక్తి ఒకటి ఆమె నాలుక చివరే ఉంది. అంటే అందరూ నవ్వేస్తారు, మీటింగు తిండిలో పడిపోతుంది, ఆయన పరువు నిలుస్తుంది. ఇరవై రెండేళ్ల అలవాటు ఆమెను ఆ మాట అనమని పోరుపెట్టింది. అరుణ పళ్లు బిగబట్టి గోడ మీది బొట్టునే చూస్తూ నిలబడింది. ఈ మొత్తం వ్యవహారంలో ఆమెకు కష్టమనిపించింది అదొక్కటే.

శ్రీపాల్ సారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. జేబులో పెట్టుకోబోయి, ఆగి, చించాడు. తలుపు దగ్గరికి నడిచాడు.

"డేవిడ్."

డేవిడ్ బెదిరిపోయి వరండాలోని చెప్పుల వైపు చూశాడు.

"నీ బిడ్డను మొన్న నలుగురి ముందల అన్న" అన్నాడు సారు. మాట బరువుగా వస్తోంది, కొత్త చెప్పులతో నడుస్తున్నట్టు. "గందుకే నలుగురి ముందల చెప్తున్న. పిల్ల ఏం చెయ్యలే."

డేవిడ్ తల ఊపాడు.

ఆయన షారోన్ వైపు తిరిగాడు. షారోన్ ఈసారి నేల చూడలేదు.

"నిన్ను ఒక్క మాట అడగకుండనే దోషిని చేసిన బిడ్డా. తప్పు నాది."